చురుకైన శిష్యుడు – లోతైన ప్రశ్న



తరగతిలో వెనుకబడిన బాలుని గూర్చి విచారించువారు పెక్కురు కలరు. చురుకైనవానిని గూర్చి విచారించువారు అరుదు. ‘వానికేమి, తానే నేర్చుకొనును’ అని ఊరకుందురు. లెక్క అందరికంటె ముందు ముగించినవానికి అట్టివే మరి పది లెక్కలిచ్చుట పెక్కు బడులలో వాడుక. ఆ బాలునకది బహుమానముగా తోచదు, దండనముగా తోచును. రెండునాళ్లలో వాడు త్వరగా ముగింపరాదని గ్రహించును. వాని బుద్ధికి అప్పటినుండి తుప్పు పట్టును. కష్టమెరుగక పై తరగతులకు పోయినవాడు మొదటి చిక్కునకే చతికిలబడును. నలువదేండ్లు బోధించిన నేను అట్టివారిని పలువురను చూచితిని.

దీనికి మన శాస్త్రపాఠములలోనే ఉపాయము కలదు. మీమాంసకులు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యని అధికరణమునకు ఐదంగములు చెప్పిరి. అందు పూర్వపక్షము బుద్ధికి సానరాయి. తనకు సమ్మతము కాని మతమును ప్రతివాదికంటె గట్టిగా నిలబెట్టి, పిమ్మట ఖండింపవలయును. చురుకైన శిష్యునకు ఈ పని అప్పగించి చూడుడు.

వ్యాకరణపాఠమున నేననుసరించిన పద్ధతి చెప్పెదను. అకారసంధి సూత్రమును ముందుగా చెప్పక, నల్లబల్లపై నాలుగు వ్రాసెడివాడను: రామయ్య, మేనల్లుడు, మేనయల్లుడు, అమ్మ యిచ్చెను, ఒకానొక. అన్నిట పూర్వపదాంతమున అకారమే. ఒకచోట సంధి కలిగినది, ఒకచోట వికల్పముగా కలిగినది, ఒకచోట కలుగలేదు, ఒకచోట వేరొక కార్యమే వచ్చినది. కారణమేమని అడిగెడివాడను. ఒక బాలిక ‘క్రియ పరమైనపుడు సంధి లేదు’ అని వెంటనే చెప్పినది. నేను తప్పనక, ‘దూత యితడు’ అని క్రింద వ్రాసితిని. అందు క్రియ లేదు. ఆమె మౌనము వహించి, మరునాడు వచ్చి, ‘అమ్మ స్త్రీవాచకము, దూత తత్సమము, కారణము పూర్వపదములోనే యున్నదేమో’ అన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణము చూపు త్రోవ అదియే. సూత్రము ముందే చెప్పియుండినచో ఆమె దానిని వల్లించియుండెడిది. ఇప్పుడు దానిని సంపాదించుకొన్నది.

గణితమున శ్రీనివాస రామానుజన్ చరిత్ర ప్రసిద్ధము. 1903 ప్రాంతమున కుంభకోణములో ఆయన చేతికి కార్ అను ఆంగ్లేయుని గణితసంగ్రహము చిక్కెను. అందు ఫలితములు వేలకొలది. ఉపపత్తులు మిక్కిలి సంక్షిప్తములు. ఆ కొరతయే ఆయనకు గురువయ్యెను. అయినను, ఇతర విషయములను ఉపేక్షించినందున కళాశాలలో విద్యార్థివేతనము పోయెను. 1914లో కేంబ్రిడ్జి చేరి, హార్డీ సహవాసమున ఉపపత్తుల కట్టుబాటు నేర్చెను. ఎంతటి ప్రతిభకైనను ఎదురునిలిచి ‘ఎట్లు?’ అని అడుగువాడు కావలయును.

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి మూడు మాటలు. సరియైన సమాధానము వచ్చినంతనే ప్రశ్న ముగింపకుడు, ‘ఎందువలన? ఎచ్చట ఇది చెల్లదు?’ అని మరియొక మెట్టు దింపుడు. ప్రశ్నలను శిష్యునిచేతనే కల్పింపజేయుడు. వేగమును పొగడకుడు, ఓపికను, తన మాటను తానే దిద్దుకొను ధైర్యమును పొగడుడు. చురుకైనవానిని దినమెల్ల తోటివారికి పాఠము చెప్పు బంటుగా వాడుకొనుటయు న్యాయము కాదు. వానికిని నేర్చుకొను హక్కు కలదు.

ఇందుకు ధనము అక్కరలేదు, యంత్రములు అక్కరలేదు. శిష్యుడడిగినదానికి సమాధానము తెలియనపుడు ‘రేపు కలసి వెదకుదము’ అనగల గురువు చాలును.