కత్తిని కాపాడే కొయ్య

పాత మడత గడ్డం కత్తిని, అదే మన ఊళ్లలో మంగలి కత్తి అనే దాన్ని, తెరిచి చూస్తే ఒక్కోసారి ఒక వింత కనిపిస్తుంది. వేళ్లతో పట్టుకునే చోట ఉక్కు శుభ్రంగా ఉంటుంది. మడిచినప్పుడు పిడి లోపల ఒదిగే మేరకు మాత్రం ఎర్రటి తుప్పు, దాని కింద గుంటలు. నీళ్లు తగిలి పట్టే తుప్పు ఇలా గీత గీసినట్టు ఆగదు. ఇది పిడి చేసిన పని.

అలాంటి పిడి చాలావరకు సెల్యులాయిడ్‌దే అయి ఉంటుంది. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసే ఈ పదార్థానికి 1870లో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ పేటెంట్ పొందాడు. ఏనుగు దంతంలా కావాలంటే అలా, తాబేటి చిప్పలా కావాలంటే ఇలా, ఏ రూపమైనా తెచ్చుకుంటుంది. ధర తక్కువ. కత్తుల తయారీదారులు సంబరంగా అందుకున్నారు. దశాబ్దాలు గడిచేకొద్దీ కర్పూరం ఎగిరిపోతుంది, నైట్రోసెల్యులోజ్ విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. వాటికి గాలిలోని చెమ్మ తోడైతే నైట్రిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం పిడిని ఇంకా వేగంగా కుళ్లబెడుతుంది, ఇరుకు సందులో ఉన్న అలుగును తినేస్తుంది. అదే పెట్టెలో ఉన్న మంచి కత్తులకూ ఆ ఆవిరి సోకుతుంది. పైగా సెల్యులాయిడ్ ఇట్టే అంటుకునే సరుకు. కుళ్లడం మొదలైన పిడిని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. ఆ రోజే ఊడదీయాలి.

ఊడదీశాక ఏం వేయాలి? ఇంట్లో, మామూలు పనిముట్లతో చేసుకోగలిగింది కొయ్య పిడి.

అలుగు చరిత్ర పుస్తకాలకెక్కింది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ దగ్గర మట్టి మూసల్లో ఉక్కును కరిగించి పోశాడు. 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే, కత్తుల నిపుణుడు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి భారతదేశపు వూట్జ్ ఉక్కును పరీక్షించాడు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుముల్లో తయారైంది కూడా ఆ జాతి ఉక్కే. ఇంత చెప్పుకున్నవాళ్లూ పిడిని మాత్రం అలంకారం కింద జమకట్టి వదిలేశారు. నా లెక్కలో అది ఈ యంత్రంలో సగం.

చూడటానికి రెండు పలకలు. ఒక్కోటి సుమారు 3 మిల్లీమీటర్ల మందం, 15 సెంటీమీటర్ల పొడవు. ఒక కొసన అలుగు తిరిగే ఇత్తడి చీల, రెండో కొసన పలకల మధ్య ఇరికించిన చిన్న ముక్క. కీలకమంతా ఆ ముక్కలో ఉంది. అది ఒక వైపు మందంగా, ఇంకో వైపు పలచగా వాలుగా ఉంటుంది. దాన్ని బిగించగానే పలకలు నడుమ కాస్త ఉబ్బుతాయి, అలుగు మొదలును రెండు వైపులా పట్టకారులా నొక్కి పడతాయి. ఆ నొక్కు వల్లే తెరిచిన కత్తి వేలాడదు, బిగుసుకోదు. పాత షెఫీల్డ్ కత్తుల్లో ఈ ముక్కను సీసంతో చేసేవాళ్లు. గడ్డం గీసేటప్పుడు పట్టు పిడి మీద ఉండదు, అలుగు మెడ మీద ఉంటుంది. పిడి పైకి లేచి అలుగుకు ఎదురు బరువుగా నిలుస్తుంది. బరువైన పిడి వేస్తే చెయ్యి వెనక్కి లాగేస్తుంది. మడిచాక అదే పిడి ఒర అవుతుంది.

కొయ్య ఎంపికలో తొందర పనికిరాదు. కొయ్య చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుపోతుంది. నార పొడవునా ఈ మార్పు చాలా తక్కువ, పచ్చికర్ర పూర్తిగా ఆరినా 0.1 నుంచి 0.2 శాతమే. అడ్డంగా మాత్రం అంతకు ఎన్నో రెట్లు. అందుకే నార పిడి పొడవునా సాగేట్టు కోయాలి. అడ్డనార పలక చీల దగ్గరే విరుగుతుంది. బాగా ఆరిన చేవ కర్ర కావాలి. జిట్రేగి, ఎబొనీ, ఆలివ్ కర్ర బాగా కుదురుతాయి. ఓక్ వద్దు. దానిలోని ఆమ్లాలు, టానిన్ ఉక్కును నల్లబరుస్తాయి, తుప్పు పట్టిస్తాయి. జిట్రేగి చేరే డాల్బర్జియా ప్రజాతి మొత్తాన్నీ 2017లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి తెచ్చారు. కాబట్టి ఎక్కడిదో తెలియని ముక్క కొనడం కన్నా పాత కుర్చీ కాలో, మంచం పట్టెనో వెతుక్కోవడం మేలు. ఈ కర్రల పొడి ఊపిరికి, చర్మానికి పడదు. ముక్కుకు మాస్కు కట్టుకున్నాకే పని మొదలుపెట్టాలి.

అలుగు వాదరకు ముందుగా టేపు చుట్టేయాలి. రెండు పలకలనూ రెండు వైపులా అంటుకునే టేపుతో జత చేసి, పాత పిడి అచ్చు గీసి, ఒకే దెబ్బలో 1.6 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయాలి. విడివిడిగా వేస్తే బెజ్జాలు కలవవు. చీల నుంచి అలుగు కొస దాకా ఉన్న దూరం కొలిచి, అంతకు కాస్త అవతల ఆ ఇరికించే ముక్క వచ్చేట్టు చూసుకోవాలి. లేకపోతే మడిచిన ప్రతిసారీ వాదర కొస దానికి కొట్టుకుంటుంది. ఆకురాయితో రూపం తెచ్చి, ఉప్పుకాగితంతో నునుపు చేశాక నూనో వార్నిషో పట్టించాలి. లోపలి వైపూ మరవకూడదు. ఒక్క ముఖానికే పూత వేస్తే రెండో ముఖం చెమ్మ పీల్చి పలక వంకర తిరుగుతుంది.

ఇక చీల కొట్టడం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఇత్తడి కడ్డీ బెజ్జంలోంచి దూర్చి, రెండు వైపులా చిన్న వాషర్లు తొడిగి, మిల్లీమీటరుకు కాస్త మించి మాత్రమే బయట వదిలి కోయాలి. ఇనప దిమ్మ మీద పెట్టి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో అంచు చుట్టూ తట్టాలి. కొట్టడం కాదు, తట్టడమే. ప్రతి తట్టుకూ ఇత్తడి కొద్దికొద్దిగా పరుచుకుంటుంది, పరుచుకునేకొద్దీ గట్టిపడుతుంది. దాని లోపలి స్ఫటికాల్లో అస్తవ్యస్తత పెరిగి పొరలు జారడం కష్టమవుతుంది. గట్టిగా మోదితే కడ్డీ కొయ్య లోపలే వంగుతుంది, పలక నిలువునా చీలుతుంది. కడ్డీ మొండికేస్తే ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది.

ఇంతకీ పిడి మార్చడానికి పాత కత్తి ఎక్కడ దొరుకుతుందంటారా? 1903లో కింగ్ క్యాంప్ జిల్లెట్ అమ్మిన కొత్త రకం రేజర్లు 51 మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం లక్షల్లో కొన్నాక మడత కత్తి వెనక్కి తగ్గింది. సెలూన్లలోనూ రోగాలు సోకుతాయన్న జాగ్రత్తతో ఒకసారి వాడి పారేసే బ్లేడు తొడిగే కత్తులు వచ్చాయి. అందుకే మంచి అలుగులు ఇప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరుకుతున్నాయి.

పని అయ్యాక కత్తిని మెల్లగా మడిచి చూడాలి. అలుగు రెండు పలకలకూ తగలకుండా సరిగ్గా నడిమికి దిగాలి. ఒక పక్కకు ఒరిగితే పలకల్ని వంచబోకండి, ఆ ఇరికించిన ముక్కను తీసి వాలు సరిచేయండి. తప్పు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది. కొమ్ము పిడి వంగిందని దాన్ని తీసేసి కొయ్య వేస్తామనే వాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. కొమ్ము కెరాటిన్, వేడికి మెత్తబడుతుంది. వేడినీళ్లలో ఉంచి, చదునైన పలకల మధ్య బిగించి చల్లారనిస్తే చాలాసార్లు దారికొస్తుంది.