ఊరికన్నా ముందు పుట్టిన వంతెన

సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు దాటి మచిలీపట్నం దాకా సాగుతుంది. ఈ దారికి మూలం చాలా పాతది. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ సరుకంతా చేరే రేవు మచిలీపట్నమే. కోట మూసీకి ఉత్తరాన ఉంది, రేవుకు పోయే బాట హయత్‌నగర్ వైపు నదికి దక్షిణాన ఉంది. ఏరు పొంగిందంటే బండ్లు గట్టున ఆగిపోవాల్సిందే. ఆ ఇబ్బంది తీరేలా ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో కట్టించిందే నేటి పురానాపూల్. హైదరాబాదు వెలిసింది 1591లో. ఊరు పెరిగాక వంతెన కట్టుకోవడం మామూలే, ఇక్కడ మాత్రం వంతెన వచ్చిన పదమూడేళ్లకు ఊరు వచ్చింది. దక్షిణపు ఒడ్డున రాజధాని లేవడానికి ఈ వంతెనే దారి చూపిందని నా నమ్మకం.

జనం చెప్పుకునే కథ వేరు. యువరాజు మహమ్మద్ కులీ తన ప్రియురాలు భాగమతి కోసం పొంగే మూసీలోకి గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణం మీది బెంగతో తండ్రి వంతెన కట్టించాడనీ అంటారు. కథ అందంగానే ఉంది, లెక్కే కుదరదు. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పదమూడేళ్లు. పైగా ఇరవై రెండు రాతి కమాన్లతో, ఆరు వందల అడుగుల పొడవున, ముప్పై అయిదు అడుగుల వెడల్పున కట్టిన దారి ఒక్క గుర్రపు రౌతు కోసమంటే నమ్మగలమా? ఎదురెదురుగా వచ్చే బండ్లు ఒకదాన్నొకటి తప్పుకుని పోవడానికి సరిపడే వెడల్పు అది. దాని ఉత్తరపు కొసన ఉన్న వర్తకుల పేట పేరు కూడా కార్వాన్, అంటే వర్తకుల బిడారు.

కోటలో జనం కిక్కిరిసిపోబట్టే కొత్త నగరం కట్టారు కదా, ఇందులో వంతెన గొప్పేమిటని అడగవచ్చు. ఇరుకు నిజమే. కోట విడిచి రావడానికి అది కారణం. ఏరు దాటి ఆవలి ఒడ్డునే ఎందుకు కట్టారన్నదానికి మాత్రం అది జవాబు కాదు. వానాకాలంలోనూ కోటతో రాకపోకలు తెగవన్న భరోసా లేకుండా ఏ రాజూ తన కొత్త రాజధానిని ఏటికి అవతల పెట్టుకోడు.

17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఈ వంతెన అందంలో పారిస్‌లోని పాం నెఫ్‌కు పెద్దగా తీసిపోదని రాశాడు. పాం నెఫ్ అంటే కొత్త వంతెన. చిత్రమేమిటంటే దానికీ 1578లోనే శంకుస్థాపన జరిగింది, పూర్తయ్యేసరికి 1607 అయింది. మన పాత వంతెన 1820 వరదలో దెబ్బతింటే మూడో నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడినప్పుడు అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ పోయాయి. రెండు ఒడ్ల మధ్య మిగిలిన దారి ఇదొక్కటే. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు.

ఇప్పుడు బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీద పోతున్నాయి. పాతదాని మీద టమాటా కుప్పలు, ఆకుకూర కట్టలు, వాటి మీద పరిచిన తడి గోనెసంచులు. కూరగాయలమ్మేవాళ్లను తరిమేస్తేనే వంతెన బాగుపడుతుందనే వాదన ఉంది. దానికి నేను ఒప్పుకోను. సరుకు కోసం కట్టిన వంతెన మీద సరుకు అమ్మడం తప్పు కాదు. రాళ్ల సందుల్లో మొలిచే రావి మొక్కల్ని ఎప్పటికప్పుడు పీకించాలి, కమాన్ల కింద చెత్త పేరుకోకుండా చూడాలి. నగరపాలక సంస్థ వచ్చే వానాకాలం లోపే ఈ రెండు పనులూ చేపట్టాలి.