లక్ష్యాలకూ అలవాట్లకూ నడుమ కులం

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలోని 193 దేశాలు 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను ఒప్పుకున్నాయి. గడువు 2030. వాటిని చేరేదెట్లా అంటే రెండు జవాబులు వినపడతాయి. ప్రభుత్వాలు చేయాలనేది ఒకటి. ఎవరి బతుకు తీరు వాళ్లు మార్చుకోవాలనేది రెండోది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత ప్రధాని ముందుపెట్టిన 'లైఫ్' ఈ రెండో కోవలోది: నీళ్లూ కరెంటూ పొదుపు చేయండి, ప్లాస్టిక్ మానండి, చెత్త తగ్గించండి అంటుంది.

ఈ రెండు జవాబులూ కులాన్ని దాటేసి పోతాయి. అసమానతల మీది 10వ లక్ష్యంలో 10.2 అంశం చూడండి. వయసు, లింగం, వైకల్యం, జాతి, తెగ, మూలం, మతం, ఆర్థిక స్థితి - ఇన్ని పేర్లున్నాయి. కులం పేరు లేదు. చివర్న 'ఇతర హోదా' అన్న మాటలో మనల్ని మనం వెతుక్కోవాలి.

ఇక అలవాటు సంగతి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసే బాధ్యతను 2016 నిబంధనలు ఇంటివాళ్ల మీద పెట్టాయి. మంచిదే. కలిపి పారేస్తే గాజుపెంకునీ సూదినీ ఏరేది పారిశుద్ధ్య కార్మికురాలి చేతులే. ఆ చేతులు ఎక్కువగా ఏ కులాలవో చెప్పనక్కర్లేదు. కానీ ఇంట్లో రెండు డబ్బాలు పెట్టినంత మాత్రాన ఆమె కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటు కాదు. పాకీ పనినీ, రక్షణ లేకుండా మనుషుల్ని మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ దింపడాన్నీ 2013 చట్టం నిషేధించింది. చావులు ఆగలేదు. కాలువలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 2014లో 10 లక్షలన్న పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది, దింపడం మాత్రం పోలేదు. నీళ్లు పొదుపు చేసే ఇంటి మురుగు కూడా ఆ కాలువలోకే పోతుంది గదా!

మరి అలవాటు వట్టిదేనా? కాదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులే, జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వేస్తారు. వాన ఒక పంటని దెబ్బతీస్తే ఇంకోటి ఆదుకుంటుంది. విత్తనాన్ని బూడిద, వేపాకు వేసి గంపల్లో దాస్తారు. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఐతే దీన్ని వ్యక్తిగత అలవాటంటే పొరపాటు. బీడు భూమి సాగులోకొచ్చింది, సంఘం నిలబడింది. అందుకే విత్తనం గంపలో నిలిచింది. ఏ విత్తనం వేయాలో తేల్చుకునే హక్కు భూమిలేని కూలికి ఎక్కడిది?

మన పేటల్లో తక్కువ నీళ్లు, తక్కువ కరెంటు వాడకం ఆదర్శం కాదు, లేమి. దాన్ని సుస్థిర జీవనమని పొగడనివ్వకూడదు. 2030 లెక్కలు చెప్పేటప్పుడు కులంవారీగా చెప్పమని అడుగుదాం: భూమి ఎవరికొచ్చింది, కాలువలోకి ఎవరు దిగారు అని.