కుమారజీవుని అనువాద పద్ధతి - సంస్కృత మూలాల భవితవ్యం

సంస్కృత శాస్త్రగ్రంథాలలో మూలం నశించి అనువాదరూపంలో మాత్రమే మిగిలినవి అనేకం కలవు. అట్టి గ్రంథాల విషయంలో అనువాదకుడు మూలానికి ఎంతవరకు కట్టుబడినాడన్న ప్రశ్న శైలీవిచారంతో ముగియదు. ఆయన గ్రహించినదే నేడు మనకు లభ్యం. ఆయన విడిచినది శాశ్వతంగా లుప్తం. క్రీ.శ. 4, 5 శతాబ్దాలకు చెందిన కుమారజీవుని కృషి ఇందుకు ప్రబలమైన నిదర్శనం. ఆ కృషిని ఈ దృష్టితో పరిశీలించడమే ప్రస్తుత వ్యాసోద్దేశం.

కుమారజీవుడు తక్లమకాన్ ఎడారి ఉత్తరపుటంచున గల కూచా రాజ్యంలో క్రీ.శ. 344 ప్రాంతంలో జన్మించాడు. తండ్రి కుమారాయణుడు భారతీయుడు. తల్లి జీవ కూచా రాజు సోదరి. తల్లిదండ్రుల నామాల కలయికయే ఆయన నామధేయం. బాల్యంలోనే తల్లితో కాశ్మీరానికి పోయి బంధుదత్తుని వద్ద ఆగమాలను అభ్యసించాడు. తిరుగు ప్రయాణంలో కాష్గర్‌లో సూర్యసోముని ప్రబోధంతో మహాయానాన్ని స్వీకరించాడు. 384లో చైనా సేనాని లూ గువాంగ్ కూచాను జయించి ఆయనను బందీగా కొనిపోయాడు. వాయవ్య చైనాలోని లియాంగ్‌జౌలో సుమారు 17 సంవత్సరాలు గడచిన పిదప, యావ్ షింగ్ చక్రవర్తి ఆయనను రాజధాని చాంగాన్‌కు రప్పించి రాజగురువుగా గౌరవించాడు. బందీగా గడపిన ఆ దీర్ఘకాలమే ఆయనకు చైనా భాషపై అధికారం సమకూర్చింది.

చాంగాన్‌లో అనువాదం ఏకాంతవ్యాసంగం కాదు, అది విద్వత్సభ. కుమారజీవుడు సంస్కృతప్రతిని చేతబూని చైనా భాషలో అర్థం వివరించేవాడు. వందలాది భిక్షువులు ప్రశ్నించేవారు, చర్చించేవారు, లేఖకులు వ్రాసేవారు. పంచవింశతిసాహస్రికా ప్రజ్ఞాపారమితను అనువదించునపుడు చక్రవర్తి స్వయంగా పూర్వానువాదాన్ని పట్టుకొని సరిచూచినట్లు శిష్యుడైన సెంగ్‌రుయ్ వ్రాసిన పీఠిక వలన తెలియుచున్నది. మన పాఠశాలలలోని వాక్యార్థసభలకు, వ్యాఖ్యానపాఠానికి ఈ పద్ధతి మిక్కిలి సన్నిహితం. బోధనయే ఇక్కడ అనువాదానికి ఆధారం.

ఆయనకు పూర్వులైన కొందరు అనువాదకులు బౌద్ధపరిభాషకు తావో మతగ్రంథాల పదాలను ప్రయోగించారు. నిర్వాణానికి 'వూవెయ్' అనగా అకర్మ అను పదాన్ని వాడడం ఇట్టిదే. పాఠకునికి పరిచితమైన పదం వాడిన కొలది శాస్త్రార్థం ఆ పదపు పాత అర్థంలో కలసిపోతుంది. కుమారజీవుడు నిర్వాణశబ్దాన్ని ధ్వనిరూపంలోనే నిలిపాడు. పరిభాష విషయంలో ఇంత జాగరూకత వహించినవాడే వాక్యరచనలో స్వేచ్ఛను పాటించాడు. సద్ధర్మపుండరీకంలో దేవతలు, మనుష్యులు పరస్పరం చూచుకొనుటను తెలిపే వాక్యం పూర్వానువాదంలో యథామూలంగా ఉన్నను మొరటుగా ఉన్నదని ఆయన భావించాడు. సెంగ్‌రుయ్ సూచించిన సుందరమైన పదబంధాన్ని సంతోషంతో అంగీకరించాడు. అట్లని అనువాదపు పరిమితి ఆయనకు తెలియనిది కాదు. సంస్కృతశ్లోకాలలోని నాదసౌందర్యం అనువాదంలో నశించునని, అది నమిలిన అన్నాన్ని ఇతరులకు పెట్టుట వంటిదని ఆయన అభిప్రాయపడినట్లు జీవితచరిత్రలు చెప్పుచున్నవి.

వజ్రచ్ఛేదికా గ్రంథాంతంలోని గాథ ఈ స్వేచ్ఛకు చక్కని ఉదాహరణం. లభ్యమైన సంస్కృతపాఠంలో ఉపమానాలు 9. హుయాన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో చేసిన అనువాదంలోను 9 కలవు. కుమారజీవుని పాఠంలో 6 మాత్రమే. వానిలో ఒకటైన ఛాయ సంస్కృతపాఠంలో లేదు. ఆయన ముందున్న ప్రతి భిన్నమైనదై ఉండుటకు అవకాశం కలదు. ఏమైనను చైనా జనులు తరతరాలుగా పారాయణ చేసినది కుమారజీవుని పాఠమే. ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రపరచబడి, 868 నాటి ముద్రణతేదీ గల ప్రసిద్ధ వజ్రచ్ఛేదికా ప్రతియు ఆయన అనువాదమే.

వజ్రచ్ఛేదికకు సంస్కృతమూలం కలదు గనుక భేదాన్ని గుర్తింపగలుగుచున్నాము. మూలం లేనిచోట పరిస్థితి వేరు. నాగార్జునకృతమని సంప్రదాయం చెప్పే మహాప్రజ్ఞాపారమితోపదేశాన్ని కుమారజీవుడు 100 కాగితపు చుట్టలుగా అనువదించాడు. అందు ప్రథమపరివర్తపు వ్యాఖ్యయే 34 చుట్టలు. దానిని సంపూర్ణంగా అనువదించి, శేషభాగాన్ని సంక్షేపించాడు. చైనావారు సంక్షిప్తతను ఇష్టపడుదురన్నది ఆనాటివారు తెలిపిన కారణం. ఈ గ్రంథానికి సంస్కృతమూలం గాని, టిబెటన్ అనువాదం గాని లభింపలేదు. శాతవాహనులతో, శ్రీపర్వతంతో నాగార్జునుని ముడిపెట్టే మనకు ఈ లోపం ఉపేక్షింపరానిది. దీనిలో కొంత భాగాన్ని 1944 నుండి 1980 వరకు 5 సంపుటాలుగా ఫ్రెంచిలోనికి అనువదించిన లామోత్ పండితుడు నాగార్జునకర్తృత్వాన్నే శంకించాడు. సంక్షేపింపబడిన భాగం సమగ్రంగా ఉన్నచో కర్తృత్వనిర్ణయానికి మరికొంత ఆధారం లభించెడిదేమో!

హరివర్మ రచించిన సత్యసిద్ధిశాస్త్రానిది మరియొక గతి. దీని మూలమూ లుప్తమే. కుమారజీవుని చైనా అనువాదం ఆధారంగా ఎన్. అయ్యస్వామి శాస్త్రి దీనిని సంస్కృతంలో పునర్నిర్మింపగా, 1975లో బరోడా గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో ప్రకటితమైనది. ఇట్టి పునర్నిర్మాణంలో సిద్ధాంతం, పరిభాష చాలవరకు తిరిగి వచ్చును. గ్రంథకర్త సమాసఘటన, వాక్యశయ్య తిరిగి రావు. దీనిని హరివర్మ వాక్యంగా ఉదాహరించునపుడు ఈ భేదాన్ని తప్పక సూచింపవలెను.

అందుచేత కుమారజీవుని అనువాదాలను మూలానికి ప్రతిబింబాలుగా కాక, ఒక మహావ్యాఖ్యాత పాఠంగా గ్రహించుట యుక్తం. పరిభాషాంశంలో ఆయన సాక్ష్యం బలవత్తరం; పదసంఖ్య, క్రమం, విస్తృతి విషయాలలో ఇతరానువాదాలతోను, లభించిన ప్రతులతోను పోల్చనిదే నిర్ణయం చేయరాదు. చైనా, టిబెటన్ భాషల పరిచయం సంస్కృతాధ్యేతలకు అలంకారమాత్రం కాదు. పోయిన మన గ్రంథాలను చదువుటకు మిగిలిన ముఖ్యమార్గాలలో అది ఒకటి.