ఇంట్లోనే డైనోసార్ పుట్టినరోజు: అందరికన్నా చిన్న అతిథి కోసం

పుట్టినరోజు పండుగ అనగానే మనకు ముందుగా కేకు, కొవ్వొత్తులు, బెలూన్లు గుర్తుకు వస్తాయి. మేమూ అలాగే అనుకున్నాం. మా బాబు నాలుగో పుట్టినరోజుకు ఒక హాలు మాట్లాడి, గోడ నిండా బెలూన్లు కట్టించాం. అందుకు చేసిన అప్పు తీరడానికి ఏడు నెలలు పట్టింది. అయితే ఆ రోజు మాకు గుర్తుండిపోయింది అప్పు వల్ల కాదు.

కేకు కోసిన తరువాత పెద్దపిల్లలు బెలూన్లు పగలగొట్టడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళమంతా భోజనాల దగ్గర ఉన్నాం. మా పక్కింటివారి ఏడాదిన్నర పాప నేల మీద పడిన బెలూన్ ముక్కను నోట్లో పెట్టుకుంది. పాప ఏడవలేదు, దగ్గలేదు. అందుకే ఎవరమూ గమనించలేదు. అతిథిగా వచ్చిన ఒక నర్సు సిస్టర్ పాప ముఖం రంగు మారడం చూసి, వెంటనే ఎత్తుకొని తన తొడ మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిచారు. నాలుగో దెబ్బకు ఎర్రని రబ్బరు ముక్క బయటపడింది. పాప గట్టిగా ఏడ్చింది. ఒక బిడ్డ ఏడుపు విని అంతమంది పెద్దవాళ్ళు సంతోషించడం మేము ఆ రోజే చూశాం.

ఆ తరువాత ఆ తల్లి పాపను ఏ ఫంక్షనుకూ తీసుకెళ్ళలేదు. మా ఇంటికి రావడం కూడా తగ్గించింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఈ సంవత్సరం బాబుకు ఐదేళ్ళు నిండుతున్నాయనగా, ఆ సిస్టర్‌నే సలహా అడిగాం. ఆమె చెప్పింది ఒక్కటే మాట: “పండుగ ఎవరిదైనా కానీ, ఏర్పాట్లు మాత్రం వచ్చేవాళ్ళలో అందరికన్నా చిన్నవాళ్ళను బట్టి చెయ్యండి. ముందురోజు ఇల్లంతా ఒకసారి మోకాళ్ళ మీద తిరిగి చూడండి.” ఆ మాట ప్రకారం మేము ఇంట్లోనే చేసిన పండుగ గురించి ఇక్కడ వ్రాస్తున్నాం. మీకూ పనికి రావచ్చు.

మన నేల మీది డైనోసార్

మా బాబుకు ఏడాదిగా డైనోసార్ల పిచ్చి పట్టుకుంది. పండుగకు నెల ముందు హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్ళాం. అక్కడ 2000 సంవత్సరంలో ప్రారంభమైన డైనోసార్ విభాగంలో ఒక పెద్ద అస్థిపంజరం నిలబడి ఉంటుంది. దాని పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి గ్రామం దగ్గర దొరికింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు ఆ ఎముకలను తవ్వి తీశారు. పి. యాదగిరి గారు 1988లో దానికి ఈ పేరు పెట్టారు. ఒక్క జంతువు ఎముకలే కాదు, అక్కడ కనీసం 12 జంతువుల ఎముకలు కలిసి దొరికాయట. అది జురాసిక్ కాలానికి చెందినది, అంటే 15 కోట్ల సంవత్సరాలకు పైమాటే.

“డాడీ, గిది మనదేనా?” అని బాబు అడిగాడు. మనదే అన్నాం. వాడు అప్పటివరకు డైనోసార్లంటే ఏదో అమెరికా జంతువులనుకున్నాడు. ఆ ప్రాంతంలోనే, గోదావరికి అవతల మహారాష్ట్ర వైపున, బారాపాసారస్ అనే ఇంకొక పెద్ద డైనోసార్ కూడా దొరికింది. రవీంద్రనాథ్ టాగూర్ గౌరవార్థం 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది.

మా నాయనమ్మకు మాత్రం అది “రాక్షసబల్లి”యే. బడి పుస్తకాల్లో కూడా ఆ పేరే చదువుకున్నాం. నిజానికి అవి బల్లులు కావు. ఈనాటి పక్షులు డైనోసార్ల సంతతి అని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ సంగతి వినగానే బాబు మా పెరట్లోని కోళ్ళను వేరే చూపుతో చూడడం మొదలుపెట్టాడు.

ముగ్గుతో 44 అడుగులు

సైన్స్ సెంటర్‌లోని అస్థిపంజరం పొడవు సుమారు 44 అడుగులు. 44 అడుగులంటే ఐదేళ్ళ పిల్లవాడికి ఏమి అర్థమవుతుంది? నాయనమ్మ తన చీరతో కొలిచి చూపించింది: దాదాపు రెండున్నర చీరలు. మన పెద్ద చర్చి లోపల పొడవు 200 అడుగులు కదా, అందులో నాలుగు కోటాసారస్‌లు వరుసగా పడుకోవచ్చని మేము చెప్పాం. ఆ ఆదివారం వాడు కూర్చున్న చోటు నుండి వెనక్కి తిరిగి కొలుస్తూనే ఉన్నాడు.

పుట్టినరోజు ఉదయం మా గల్లీలో నాయనమ్మ ఆ జంతువును నిజమైన పొడవుతో ముగ్గుగా వేసింది. తల మా గేటు దగ్గర, తోక నాలుగో ఇంటి ముందు. అలంకరణ ఖర్చు కిలో బియ్యప్పిండి. బజారులో అమ్మే ముగ్గుపిండిలో సున్నం కలిసి ఉండవచ్చు. అది కంట్లో పడితే చాలా ప్రమాదం. అందుకని చిన్నపిల్లలు చేతులు పెట్టే చోట బియ్యప్పిండే మంచిది.

గేటు నుండి గుమ్మం దాకా అడుగులు కూడా వేసింది, మా కోడి కాలును చూసి మూడు వేళ్ళతో. బాబు ఒప్పుకోలేదు. “నాయనమ్మా, మూడు వేళ్ళు వద్దు. మనది ఆకులు తినేది. దాని కాలు ఏనుగు కాలు లెక్క ఉంటది!” అన్నాడు. ఆమె నవ్వుతూ చెరిపి, పళ్ళెం బోర్లించి గుండ్రటి అడుగులు వేసింది.

ఎముకల వేట

కిరాణా దుకాణం నుండి తెచ్చిన అట్టపెట్టెలతో ఎముకలు కత్తిరించాం. పాత వార్తాపత్రికలు చుట్టి, మైదా గంజితో అతికించి, నాలుగు రోజులు ఎండలో పెట్టి పెద్ద పెద్ద తొడ ఎముకలు కూడా చేశాం. సాయంత్రం ఆఫీసు నుండి వచ్చాక అరగంట ముగ్గురం కూర్చుని చేసిన పని ఇది. పండుగ కంటే ఆ సాయంత్రాలే వాడికి ఎక్కువ నచ్చాయేమో అనిపిస్తుంది.

పెరట్లో ఇసుక పోసి వాటిని పాతిపెట్టాం. పిల్లలు పాత పెయింటు బ్రష్షులతో ఇసుక తుడుస్తూ వెతికి, దొరికిన ఎముకలను గోడకు అతికించిన పెద్ద బొమ్మ మీద సరిపోయే చోట పెట్టాలి. ఓడినవాళ్ళు లేరు, ఎందుకంటే ఒక్కరి దగ్గర ఎముక ఉండిపోయినా జంతువు పూర్తి కాదు.

ఇందులో మేము తీసుకున్న జాగ్రత్తలు:

1. ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టాం. రాత్రి పూట పిల్లులు పాడుచేయకుండా పరదా కప్పాం.
2. ఏ ఎముకా పిల్లల పిడికిలి కంటే చిన్నది కాకుండా చూశాం.
3. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడలేదు. అది గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. అందులో చేతులు ముంచితే చర్మం కాలుతుంది.
4. ఉప్పు కలిపిన పిండి బొమ్మలు చేయలేదు. పసిపిల్లలు దాన్ని తింటే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది.
5. ఆట కాగానే అందరికీ సబ్బుతో చేతులు కడిగించాం.

ఆకులు తినే జంతువు విందు

కోటాసారస్ శాకాహారి కాబట్టి విందు కూడా దాని ఇష్ట ప్రకారమే అని బాబుతో చెప్పాం. ఎప్పుడూ పాలకూర తినని వాడు ఆ రోజు పాలకూర పూరీలు మూడు తిన్నాడు. మోదుగు విస్తర్లలో వడ్డించాం. పెసరట్లు ఆకుల్లా పోశాం. క్యారెట్ ముక్కలు పచ్చివి గట్టిగా ఉండి గొంతులో అడ్డుపడతాయి కాబట్టి మెత్తగా ఉడికించి పెట్టాం.

డైనోసార్ గుడ్లు చేయడం సులభం. కోడిగుడ్లు పది నిమిషాలు గట్టిగా ఉడికించి, చల్లారాక పెంకు తీయకుండా చెంచాతో చుట్టూ మెల్లగా కొట్టి పగుళ్ళు తేవాలి. వాటిని బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచాలి. పెంకు తీస్తే తెల్లని గుడ్డు మీద ఎర్రని గీతలు కనిపిస్తాయి. ఫ్రిజ్ నుండి తీసిన తరువాత రెండు గంటల లోపల తినేయాలి. చిన్నపిల్లలకు నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి.

కేకును రవ్వ, బెల్లంతో కుక్కర్‌లో చేశాం. గుండ్రటి కేకును సగానికి కోసి ఒక సగం ఒళ్ళుగా, రెండో సగంలోంచి మెడ, తోక, కాళ్ళు కత్తిరించాం. రంగు వేయలేదు. “డైనోసార్ పచ్చగా ఉండాలి కదా” అని ఒక పిల్లవాడు అంటే, “ఎముకలు చూస్తే రంగు తెల్వదు” అని మా బాబు జవాబు చెప్పాడు. కొవ్వొత్తులను పెద్ద కేకు మీద కాకుండా చిన్న ముక్క మీద పెట్టాం. అలా చేస్తే ఊదినప్పుడు పడే తుంపర్లు అందరూ తినే కేకు మీద పడవు.

పిలుపుకు వెళ్ళినప్పుడే ప్రతి తల్లినీ ఒక ప్రశ్న అడిగాం: “మీ పిల్లలకు పాలు, గుడ్డు, పల్లీలు ఏవైనా పడవా?” ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు.

మేము వద్దనుకున్నవి

బెలూన్లు: ఊదనివీ, పగిలిన ముక్కలూ చిన్నపిల్లల గొంతును పూర్తిగా మూసివేయగలవు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలను బెలూన్లతో ఒంటరిగా వదలకూడదు. పైకి ఎగిరే బెలూన్లలో తక్కువ ధరకు దొరికే హైడ్రోజన్ నింపి అమ్మేవారు ఉన్నారు. కొవ్వొత్తి మంట తగిలితే అవి భగ్గుమంటాయి.

నురగ స్ప్రే: ఈ డబ్బాల్లో తేలికగా మండే వాయువు ఉంటుంది. వెలుగుతున్న కొవ్వొత్తి దగ్గర కొడితే ముఖానికీ జుట్టుకూ మంట అంటుకోవచ్చు.

పాట పాడే తామరపువ్వు కొవ్వొత్తి, లైట్ల బొమ్మలు: వీటిలో గుండీలాంటి చిన్న బ్యాటరీలు ఉంటాయి. మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలవు. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పల్లీలు, పుట్నాలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్ బిళ్ళలు, విడి ద్రాక్షలు: ఐదేళ్ళ లోపు వారికి ఇవ్వకూడదు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వవచ్చు.

మెరుపుల నైలాన్ గౌన్లు: నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు బట్టలు మేలు. కాలితే వెంటనే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచాలి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు పూయకూడదు.

గొంతులో అడ్డుపడితే

సిస్టర్ మాకు నేర్పినది ఇది. ప్రతి ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

బిడ్డ గట్టిగా దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, మాట రాక ఉంటే ఆలస్యం చేయవద్దు. ఏడాది దాటిన పిల్లలను ముందుకు వంచి, భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో 5 సార్లు చరచండి. రాకపోతే వెనుక నుండి పట్టుకుని, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి ఉంచి, లోపలికి పైకి 5 సార్లు నొక్కండి. వస్తువు బయటపడేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయండి. ఏడాది లోపు పసివారికి పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా చేతి మీద బోర్లా పట్టుకుని వీపు మీద 5 సార్లు చరిచి, తిప్పి రొమ్ము ఎముక మధ్యలో 5 సార్లు నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టవద్దు, నీళ్ళు తాగించవద్దు. స్పృహ తప్పితే వెంటనే గుండె నొక్కడం, ఊపిరి ఊదడం ప్రారంభించాలి. బయటపడిన తరువాత కూడా బిడ్డను వైద్యునికి చూపించాలి.

ఆ సాయంత్రం

పక్కింటి తల్లిని పిలవడానికి వెళ్ళినప్పుడు ఆమె గుమ్మంలోనే అడిగింది: “బెలూన్లు ఉంటాయా అక్కా?” ఒక్కటి కూడా ఉండదని చెప్పాం. ఇంకా నమ్మకం కుదరనట్టే కనిపించింది. “ముందుగా వచ్చి నువ్వే ఇల్లు చూడు” అన్నాం. నిజంగానే పండుగ రోజు మధ్యాహ్నం వచ్చింది. మాతోపాటు మోకాళ్ళ మీద తిరిగి చూసింది. మంచం కింద మాకు కనబడని ఒక పెన్ను మూతను తీసి మా చేతిలో పెట్టింది.

సాయంత్రం పాపను ఎత్తుకుని వచ్చింది. పాపకు ఇప్పుడు రెండున్నర ఏళ్ళు. కాసేపు తల్లి కొంగు వదలలేదు. తరువాత ముగ్గులో గీసిన డైనోసార్ మెడ వెంట నడుచుకుంటూ, ఒంటి మీదుగా, తోక చివర నాలుగో ఇంటి దాకా ఒక్కతే వెళ్ళింది. తల్లి వెనుక నిలబడి చూసింది కానీ వెంట పరుగెత్తలేదు. గోడ మీద బొమ్మకు చివరి ఎముక పెట్టే వంతు పాపకే ఇద్దామని బాబు అన్నాడు.

ఈసారి అప్పు లేదు. పక్కింటి తలుపు మళ్ళీ తెరుచుకుంది. మీ ఇంట్లో వచ్చే పుట్టినరోజు ఏ బొమ్మతో చేసినా సరే, ముందురోజు ఒకసారి మోకాళ్ళ మీద ఇల్లంతా తిరగండి. వీలైతే, చిన్నబిడ్డ ఉన్న తల్లిని ఒకరిని తోడు తీసుకోండి. ఆమె కంటికి కనిపించేవి మన కంటికి కనిపించవు.