మచ్చు తీయకముందు ఏముంది?

అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తోందన్న కబురు 2025 నుంచి పేపర్లలో నలుగుతోంది. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో రాష్ట్ర ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం అక్కడ పెట్టబోయేది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రం. ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు అన్న చర్చకు లోటు లేదు. క్యూబిట్ సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు: మామూలు బిట్ అయితే సున్నా, లేకపోతే ఒకటి, క్యూబిట్ ఒకేసారి రెండూ. ఇది చదివి అర్థమైపోయింది అనేవాళ్లను చూస్తే నాకు కాస్త అసూయ. కొలిచి చూస్తే క్యూబిట్ కూడా సున్నానో ఒకటో, ఏదో ఒకటే చూపిస్తుంది. మరి కొలవకముందు దాని దగ్గర ఏముంది? వందేళ్లుగా భౌతికశాస్త్రంలో తెగని పంచాయితీ ఇదే.

గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీ (మిర్చి బస్తా) విప్పి గుప్పెడు కాయలు మచ్చు తీస్తాడు. రంగు బాగుందా, ఘాటు ఉందా, తేమ పోయిందా అని చూస్తాడు. విప్పేదాకా ఆయనకు తెలియదు గానీ, కాయ కల్లంలో ఆరినప్పటి నుంచీ దాని రంగు దానికి ఉంది. తెలియకపోవడం చూసేవాడి లోటే. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ కలిసి రాసిన వ్యాసం సారాంశం ఇంచుమించు ఇదే: క్వాంటమ్ సిద్ధాంతం చెప్పే లెక్కలు తప్పని కాదు, వస్తువు లోపల ఉన్నదంతా అది చెప్పడం లేదని. నీల్స్ బోర్ ఒప్పుకోలేదు. తర్వాత ముప్ఫై ఏళ్ల దాకా చాలామంది దీన్ని తీరిక ఉన్నవాళ్ల వాదనగానే చూశారు.

1964లో జాన్ బెల్ దీన్ని లెక్కలోకి దించాడు. ఆ లెక్కను మన టిక్కీలతోనే చేద్దాం. ఒకే కల్లం నుంచి నింపిన రెండు టిక్కీల్లో ఒకటి గుంటూరుకు, ఇంకోటి ఖమ్మానికి వెళ్లాయి. రెండు చోట్లా మచ్చు తీసేవాళ్లు రంగు, ఘాటు, తేమల్లో తమకు తోచిన ఒక్క పరీక్షే చేస్తారు. ఫలితం పాస్ లేదా ఫెయిల్. ఇద్దరూ ఒకే పరీక్ష చేసినప్పుడల్లా ఇద్దరికీ ఒకే ఫలితం వస్తోంది. వింతేముంది, రెండూ ఒకే కల్లానివి, మూడింటికీ జవాబులు సరుకులో ముందే ఉన్నాయి అంటాం.

సరే, ఇద్దరూ వేర్వేరు పరీక్షలు చేసిన సందర్భాలే తీసుకోండి. జవాబులు మూడు, వాటికున్న రకాలు రెండే. కాబట్టి మూడింట్లో కనీసం రెండు ఒకే రకం అయి తీరాలి. అంటే ఇలాంటి సందర్భాల్లో కూడా కనీసం మూడింట ఒకసారి ఇద్దరి ఫలితాలూ కలవాలి. నమ్మకం కుదరకపోతే కాగితం మీద ఎనిమిది రకాలుగా పాస్, ఫెయిల్ రాసి చూసుకోండి. తప్పించుకునే దారి లేదు.

టిక్కీల బదులు జంటగా పుట్టిన రెండు కాంతి కణాలను, మూడు పరీక్షల బదులు సున్నా, 60, 120 డిగ్రీల కోణాల్లో తిప్పిన పోలరైజర్లనే కాంతి జల్లెడలను పెట్టండి. ఒకే కోణంలో చూస్తే జవాబులు ఎప్పుడూ కలుస్తాయి. వేర్వేరు కోణాల్లో చూస్తే నాలుగింట ఒకసారే కలవాలంటుంది క్వాంటమ్ లెక్క. మూడింట ఒకటి కంటే అది తక్కువ! 1972లో క్లాసర్, 1982లో ఆస్పే, తర్వాత జైలింగర్ చేసిన ఈ తరహా ప్రయోగాల్లో ప్రకృతి క్వాంటమ్ పక్షానే నిలిచింది. ఆ ముగ్గురికీ 2022లో నోబెల్ వచ్చింది.

కాబట్టి కాంతి కణం టిక్కీలో కాయ లాంటిది కాదు. జవాబులు లోపల ముందే ఉన్నాయని పట్టుబడితే, ఒకచోట చేసిన కొలత ప్రభావం రెండో చోట తక్షణం పడుతుందని ఒప్పుకోవాలి. 1952లో డేవిడ్ బోమ్ ఆ ధర చెల్లించడానికి సిద్ధపడ్డాడు. 1957లో ఎవరెట్ రెండు ఫలితాలూ జరుగుతాయి, లోకమే చీలుతుంది అన్నాడు. 1996లో ఇటలీ శాస్త్రవేత్త కార్లో రోవెల్లి ఇంకో మాట చెప్పాడు: గుణం అనేది కణానికి ఒంటరిగా ఉండదు, మరొక దానితో తలపడినప్పుడు, దాని దృష్ట్యా మాత్రమే ఉంటుంది.

నాగార్జునుడు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లతో మిర్చి, పత్తి వేసే పల్నాడు, ప్రకాశం రైతుల నోట్లో రోజూ నానే పేరే అది. కృష్ణా తీరంతో సంప్రదాయం ముడిపెట్టిన ఈ బౌద్ధాచార్యుడు 'మూలమధ్యమకకారిక'లో, ఏ వస్తువుకూ ఇతరాలతో సంబంధం లేని సొంత స్వభావం లేదని వాదించాడు. శూన్యత అన్నది దాన్నే. ఏమీ లేదని ఆయన అనలేదు, విడిగా నిలబడేది ఏదీ లేదన్నాడు. రోవెల్లి 2020లో తెచ్చిన 'హెల్గోలాండ్' పుస్తకంలో ఈయనకు ఒక భాగం కేటాయించాడు.

ఇది వినగానే క్వాంటమ్ అంతా మనవాళ్లకు ముందే తెలుసని సభల్లో చప్పట్లు మోగుతాయి. నాగార్జునుడికి క్వాంటమ్ ఏమీ తెలియదని రోవెల్లే స్పష్టంగా చెప్పాడు. నాగార్జునుడి దగ్గర ఆ నాలుగింట ఒకటి లెక్క లేదు, దుఃఖం నుంచి విడుదల ఆయన గమ్యం. రోవెల్లికి పనికొచ్చింది ఆలోచించే పద్ధతి: 'అన్నిటికీ అడుగున ఏముంది' అని వెతకడం మానేయవచ్చన్న ధైర్యం. నా దృష్టిలో అది తక్కువ సాయమేమీ కాదు.

అమరావతి యంత్రం ఈ తగాదా తీరుస్తుందా? బోమ్, ఎవరెట్, రోవెల్లి ముగ్గురి మార్గాల్లోనూ క్యూబిట్ల లెక్క ఒకే జవాబిస్తుంది కాబట్టి తీర్చలేదు. తేడా చూపగలిగేవి మరో రకం సిద్ధాంతాలు. పెద్ద వస్తువుల్లో ఈ 'ఒకేసారి రెండూ' అన్న స్థితి దానంతటదే కూలిపోతుందని గిరార్డి, రిమిని, వెబర్ 1986లో ప్రతిపాదించారు. అది నిజమైతే సంబంధిత నమూనాల్లో కొన్నిటి ప్రకారం పదార్థం నుంచి అతి సన్నని వికిరణం రావాలి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద ప్రయోగశాలలో దానికోసం వెతుకుతున్నారు. ఇంతవరకు దొరకలేదు. దొరకనందువల్లే ఆ నమూనాల్లో కొన్ని ఇప్పటికే పక్కకు పోయాయి.