తిప్పతీగ కషాయం: ఎంత, ఎన్నాళ్లు?

మురమళ్ళ లాంటి కోనసీమ ఊళ్లలో తిప్పతీగను కొనాల్సిన పనిలేదు. దొడ్లో వేపచెట్టుకో, కంచెకో అల్లుకుని ఉంటుంది. ఓ ముక్క కోసి, దంచి, మరిగిస్తే కషాయం. ఆయుర్వేదంలో గుడూచి, అమృత అన్నది దీన్నే. జ్వరాలకీ, షుగరుకీ పెద్దలు వాడుతూ వచ్చారు. కోవిడ్ తర్వాత వాడకం మారింది. జబ్బు చేస్తే నాలుగు రోజులు తాగే మందు, జబ్బు రాకుండా రోజూ తాగే అలవాటయింది.

2020 అక్టోబరులో ఆయుష్ శాఖ ఇచ్చిన కోవిడ్ మార్గదర్శకాల్లో ముందుజాగ్రత్త మోతాదు ఇది: తిప్పతీగ సారం 500 మి.గ్రా., లేదా గోరువెచ్చని నీళ్లతో 1 నుంచి 3 గ్రాముల పొడి. రోజుకు 2 సార్లు. 15 రోజులు లేదా ఒక నెల. జనంలోకి మందు పేరు వెళ్లింది గానీ, గ్రాములూ గడువూ వెళ్లలేదు.

2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 6 మంది గురించి రాశారు. మరుసటి ఏడాది దేశంలోని 13 వైద్యకేంద్రాల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. లోపలున్న కాలేయ జబ్బు ఒక్కసారిగా ముదిరి వచ్చినవారే వీరిలో ఎక్కువ. వాడకం మొదలైన నాటి నుంచి లక్షణాలు కనపడే దాకా గడిచిన కాలానికి మధ్యగత విలువ 46 రోజులు. అంటే దాదాపు సగం మందికి అంతకన్నా ముందే వచ్చాయి. కాబట్టి నెలన్నర దాటలేదు కదా అని ధీమా పడకూడదు.

అలాగని 43 చూసి బెంబేలెత్తనక్కరలేదు. మొత్తం ఎందరు తాగారో లెక్క లేనప్పుడు, వెయ్యిమందిలో ఎందరికి ముప్పో తేలదు. ముప్పు ఉందని మాత్రం ఈ అంకె గట్టిగానే చెబుతోంది.

ఆయుష్ శాఖ ఆ అధ్యయనాలను తప్పుబట్టింది. అదే జాతికి చెందిన మరో తీగను పొరబడి వాడి ఉండొచ్చంది. ఆ రెండో తీగ కాండం మీద బుడిపెలుంటాయి, కోస్తే పాలు కారతాయి. అసలు తిప్పతీగకు ఈ రెండూ ఉండవు. తీగ కోసేముందు ఇది చూసుకోవడం మంచిదే. కానీ సరైన తీగే కోశాం కాబట్టి భయం లేదనుకోవడం నాకు సమ్మతం కాదు.

కాలేయ జబ్బు, ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా వాడకూడదు. షుగరు మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. తాగుతుండగా ఆకలి చచ్చినా, దురద పుట్టినా, కళ్లో మూత్రమో పచ్చబడినా వెంటనే ఆపి, బిలిరుబిన్, ఎస్‌జీపీటీ పరీక్షలు చేయించుకోవాలి. కషాయం సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పాలి. చెప్పకపోతే ఆయన కామెర్ల వైరస్ కోసం వెతుకుతుంటారు, ఇంట్లో కషాయం మరుగుతూనే ఉంటుంది.